ముందు ఎలుకను మచ్చిక చేసుకోండి, సూది సంగతి తర్వాత

"మేడమ్, సూది ఎక్కడ గుచ్చాలి? కరెంటు ఎంత పెట్టాలి?" ఎలక్ట్రోఅక్యుపంక్చర్, అంటే సూదులు గుచ్చి వాటి గుండా సన్నటి కరెంటు ఇవ్వడం, ఎలుకల్లో నొప్పి తగ్గిస్తుందో లేదో చూసే ప్రాజెక్టుకని మా ల్యాబ్‌కి వచ్చే ఎం.ఫార్మసీ పిల్లలు మొదట అడిగేది ఇదే. నేను ముందు గ్లౌజులు ఇచ్చి పంజరం దగ్గర కూర్చోబెడతాను. బెదిరిపోయిన ఎలుకకు నొప్పి తెలియడం దానంతటదే తగ్గుతుంది. ట్యూబులో కుక్కి, కాలు లాగి సూది పెట్టి, ఆ వెంటనే నొప్పి పరీక్ష చేస్తే గ్రాఫు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఆ తగ్గింపు ఎలక్ట్రోఅక్యుపంక్చర్‌దో, భయానిదో ఎవరూ తేల్చలేరు.

సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చాకే ఎలుకల ఆర్డర్ పెట్టండి. ఎండాకాలమైతే ఏసీ వ్యాన్‌లో తెల్లవారుజామునే దిగేలా మాట్లాడుకోండి. శామీర్‌పేట దాటి జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చినా సరే, మే నెల మధ్యాహ్నం ప్రయాణం వాటికి నరకం. వచ్చాక కనీసం వారం వదిలేయండి. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా నేను నొప్పి పరీక్షలు పెట్టను. డీజే మోత గోడలు దాటి వస్తుంటే మన అంకెలు నిలబడవు.

ఆ వారమంతా రోజూ అదే మనిషి, అదే వేళకి ఎత్తుకోవాలి. తోక పట్టి ఎత్తొద్దు, రెండు చేతులతో పొట్ట కింద ఆసరా ఇవ్వండి. మొదట్లో ఒళ్లు బిగబట్టి, మూత్రం పోసి, పెంటికలు వేస్తుంది. కొన్నాళ్లకి బరువంతా మీ అరచేతిలో వదిలేసి మొహం కడుక్కోవడం మొదలుపెడుతుంది. అప్పుడు సూదికి సిద్ధమైందన్నమాట.

తగ్గుతుందో లేదో చూడాలంటే ముందు నొప్పి ఉండాలి, అందుకే పాదంలో వాపు తెప్పిస్తాం. దానికి మామూలుగా వాడేది కంప్లీట్ ఫ్రాయిండ్స్ అడ్జువెంట్, అంటే చంపేసిన మైకోబాక్టీరియా కలిపిన మినరల్ ఆయిల్. సెలైన్‌తో ఎమల్షన్ చేసి, ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మందు మత్తులో ఒక్క వెనక పాదం అడుగున 0.1 మి.లీ. లోపే ఇవ్వండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పొరపాటున మీ వేలికి గుచ్చుకుంటే నెలల తరబడి మానని పుండు పడొచ్చు. ఇంజెక్షన్ అయిన ఎలుకకు మెత్తటి పరుపు వేసి, మేత నేల మీదే పెట్టండి. వాచిన కాలితో అది లేచి నిలబడి జాలీ అందుకోలేదు.

సూదికి ఎక్కువగా ఎంచుకునే చోటు జుసాన్లీ అనే అక్యుపంక్చర్ బిందువు. మోకాలి కింద, బయటి పక్క, ఫిబ్యులా (కాలి బయటి పక్క సన్న ఎముక) తల నుంచి సుమారు 5 మి.మీ. దిగువన ఉంటుంది. వెంట్రుకలు ముందురోజే తీసేయండి. 0.25 మి.మీ. మందం సూదిని 5 మి.మీ. లోతుకు దించి, దానికి దగ్గర్లో రెండోది పెట్టి, వైరు బరువు సూదిని లాగకుండా టేపు వేయండి. కరెంటును 0.5 మిల్లీఆంపియర్ నుంచి నెమ్మదిగా పెంచుతూ, కండరం సన్నగా అదిరే చోట ఆపండి. చాలామంది 3 దాటరు. అరిచినా, కాలు లాక్కున్నా తగ్గించాల్సిందే. 20 నుంచి 30 నిమిషాలు చాలు. కొన్ని బృందాలు ఎలుకను కట్టేయకుండా, బోర్లించిన పారదర్శక డబ్బా కింద మెలకువగా ఉంచి చేశాయి. నాకు నచ్చిన పద్ధతి అదే.

ఫ్రీక్వెన్సీ ఊరికే ఎంచుకునేది కాదు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ బృందం 2 హెర్ట్జ్‌కి ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్, 100 హెర్ట్జ్‌కి డైనార్ఫిన్ విడుదలవుతాయని చూపింది. ఇవన్నీ నొప్పి తగ్గించడానికి ఒళ్లే తయారుచేసుకునే పదార్థాలు. అందుకే వాటి పనిని ఆపే నాలాక్సోన్ అనే మందుతో అడ్డుకుని చూడటం వాడుక. అయితే ఒత్తిడి వల్ల తగ్గే నొప్పిలో కొంత భాగాన్ని కూడా నాలాక్సోన్ అడ్డుకుంటుంది. కాబట్టి ఆ ఒక్క ఫలితం చూసి సంబరపడొద్దు. సూదులు గుచ్చి, క్లిప్పులు తగిలించి, కరెంటు ఇవ్వని షామ్ (ఉత్తుత్తి చికిత్స) గుంపు ఒకటి కావాలి. సూదే లేకుండా అదే డబ్బాలో అంతసేపూ కూర్చున్న గుంపు మరొకటి కావాలి. ఆ రెండో గుంపును ఖర్చని వదిలేసేవాళ్లే ఎక్కువ, అసలు సంగతి చెప్పేది అదే. చోటు కూడా ముఖ్యమే. 2021లో హార్వర్డ్‌కి చెందిన చియుఫు మా బృందం చిట్టెలుకల్లో తక్కువ కరెంటు వెనకకాలి దగ్గర ఇస్తే ఇన్‌ఫ్లమేషన్ తగ్గిందని, పొట్ట మీద ఇస్తే తగ్గలేదని చూపింది.

పరీక్షకి 1988 నాటి హార్‌గ్రీవ్స్ పద్ధతి: గాజు కింద నుంచి పాదానికి వేడి తగిలిస్తే ఎంతసేపటికి ఎత్తుతుందో చూడటం. 20 సెకన్లకి ఆగిపోయేలా సెట్ చేయండి, లేకపోతే చర్మం కాలుతుంది. గాజును ప్రతిసారీ తుడవండి, తడి పాదం ఆలస్యంగా వేడెక్కుతుంది. పరీక్షించే మనిషికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. పాదం మందం విడిగా వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నొప్పి తగ్గినంత మాత్రాన వాపు తగ్గినట్టు కాదు.

రోజూ బరువు తూచండి. కళ్లు సగం మూసి, చెవులు వాల్చి, మేత ముట్టని ఎలుకను ఆ పూటే ప్రయోగం నుంచి తప్పించి వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. థీసిస్‌లో ఆ ఎలుక ఎందుకు లేదో తేదీతో సహా రాయండి.