స్లాబ్‌లో పైపు వేసేటప్పుడే బెండ్లు లెక్కెట్టండి

ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లకీ, కొత్తగా వైరింగ్ పనిలోకి దిగిన తమ్ముళ్లకీ రాస్తున్నా. మా వైపు స్లాబ్ రోజు ఎలా ఉంటాదో తెలిసిందే కదా, తెల్లారేసరికి మిల్లర్ వచ్చేస్తాది, మేస్త్రి తొందరపెడతాడు, ఎలక్ట్రీషియన్ ఇంకా రాడ్ల మధ్య వైర్ల పైపులు కడుతూనే ఉంటాడు. ఆ తొందర్లో ఒక బెండు, అంటే పైపు మలుపు, ఎక్కువ పడిందంటే కాంక్రీట్ కింద అలాగే ఉండిపోద్ది, వైర్ లాగిన రోజు దాకా ఎవరికీ తెలీదు.

రాజాం దగ్గర ఒక ఇంట్లో నా చేతి మీదే జరిగింది. మెట్ల కింద డిబి, అంటే ఇంటి కరెంటు పంచే బోర్డు, పైన గదిలో ఏసీ పాయింటు, మధ్యలో వైరు అందుకుని లాగడానికి ఒక్క జంక్షన్ బాక్సు లేకుండా 20 ఎంఎం పైపులో ఐదు బెండ్లు, పైగా బీము తప్పించడానికి ఒక ఎస్ మలుపు. దాంట్లో 4 స్క్వేర్ ఎంఎం వైర్లు మూడు. సగం దాకా వచ్చి ఆగిపోయాయి, ఇద్దరం గోడకి కాలు తన్నిపెట్టి లాగాం. వచ్చింది గానీ ఎర్ర వైరు పక్కన జానెడు పొడవు తొక్క లేచిపోయి రాగి మెరుస్తోంది. ఆ వైరు ఎవరింట్లోనూ ఉంచకూడదు. ప్లాస్టరింగ్ అయిపోయిన గోడకి మళ్లీ గాడి కొట్టి కొత్త పైపు వేశాను.

రూల్ ఏటంటే ఒక బాక్సు నుంచి ఇంకో బాక్సు దాకా మలుపులన్నీ కలిపి నాలుగు క్వార్టర్ బెండ్లు దాటకూడదు, క్వార్టర్ బెండంటే 90 డిగ్రీల మలుపు, నాలుగూ కలిపితే 360 డిగ్రీలు. మన సిపిడబ్ల్యూడి (కేంద్ర ప్రభుత్వ కట్టడాల శాఖ) స్పెసిఫికేషన్లలోనూ ఉంది, అమెరికా కోడ్‌లోనూ ఇదే లెక్క. చాలామంది 90 డిగ్రీల బెండ్లే లెక్కెడతారు, రాడ్ల కట్ట దాటడానికి పైపుని కొంచెం వంచింది లెక్కలోకి తీసుకోరు, కానీ 45 డిగ్రీల చొప్పున రెండు వంపులు అంటే అదొక పూర్తి బెండే.

నాలుగే ఎందుకంటే, బెండ్లు పెరిగేకొద్దీ లాగే బరువు కూడిక లాగా పెరగదు, హెచ్చవేత లాగా పెరుగుద్ది. పరిగెడుతున్న గేదె తాడుని రాటకి ఒక చుట్టు తిప్పి పట్టుకుంటే చిన్న పిల్లాడు కూడా ఆపేస్తాడు, చూసే ఉంటారు. నాలుగు బెండ్లంటే సరిగ్గా ఆ ఒక్క చుట్టే, ఇక్కడ గేదె మీరు, రాట పైపు. వైరుకీ పైపుకీ మధ్య రాపిడి గుణకం 0.5 అనుకుంటే ఒక్కో బెండు దగ్గర లాగే బలం 2.2 రెట్లు అవుద్ది, నాలుగు దాటేసరికి 23 రెట్లు. అందుకే నేను రెండు బెండ్ల దగ్గరే ఆగిపోతాను, మూడోది రాబోతుంటే అక్కడ బాక్సు పెట్టేస్తాను. బాక్సు ఖర్చు ఎంతని, గాడి కొట్టే కూలితో పోలిస్తే ఏమీ కాదు.

బెండు కూడా మెల్లగా తిరగాలి, లోపలి వ్యాసార్థం 7.5 సెంటీమీటర్లకి తగ్గొద్దు, స్లాబ్‌లో షార్ట్ ఎల్బో, అంటే ఒక్కసారిగా తిరిగిపోయే రెడీమేడ్ మలుపు ముక్క, అసలు వద్దు. పైపు వంచే స్ప్రింగ్ లోపల పెట్టి మోకాలి మీద నెమ్మదిగా వంచండి, వదిలితే కొంచెం వెనక్కి వస్తాది కాబట్టి కాస్త ఎక్కువే వంచాలి. మంట చూపించి వంచితే పైపు నొక్కుకుపోద్ది. పైపులు కలిపే కప్లర్లకి సొల్యూషన్ (పివిసి జిగురు) తప్పనిసరి, లేకపోతే సిమెంట్ పాలు దిగి లోపల గడ్డకడతాయి. మూతులు కూడా గట్టిగా మూసేయండి.

పైపు సైజు దగ్గర పిసినారితనం వద్దు. బెండ్లున్న 20 ఎంఎం పైపులో 4 స్క్వేర్ వైర్లు రెండే, 2.5 అయితే మూడు. అదే 25 ఎంఎం అయితే 4 స్క్వేర్‌వి 5, 2.5వి 6 పడతాయి. నా ఏసీ వైర్లు ఇరుక్కున్నది ఇక్కడే, మూడు వైర్లని రెండిటి పైపులో పెట్టాను.

లాగేటప్పుడు ఏ చివర నుంచి వదులుతున్నారో చూసుకోండి. బెండ్లు ఎటు దగ్గరుంటే అటు నుంచే వైరు వదలాలి, మొదట్లో బరువు తక్కువ ఉండగానే బెండు దాటేస్తాది. తిరగేస్తే మొత్తం పొడవు బరువంతా బెండు దగ్గర రెట్టింపు అవుద్ది. వైర్ల కొనలు ఒకదాని వెనక ఒకటి మెట్లు మెట్లుగా కట్టి, టేపు సన్నగా చుట్టండి, ముడి లావైతే అదే ఇరుక్కుంటాది. టాల్కం పౌడర్ రాయండి, గ్రీజు, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, పివిసి పాడైపోద్ది. ఒకడు వదలాలి, ఒకడు లాగాలి, వదిలేవాడు "లాగు" అంటేనే లాగాలి. కాయిల్‌ని పక్కకి పడేసి లాగితే మెలికలు పడతాయి, చుట్ట తిప్పుతూ వదలండి. వైర్లన్నీ ఒకేసారి లాగండి, తర్వాత ఇంకొకటి దూర్చితే అది పాత వాటి తొక్కని రంపంలా కోసేస్తాది.

ఆగిపోతే గుంజొద్దు. వెనక్కి కొంచెం నెట్టి మళ్లీ లాగండి, రెండు మూడు సార్లకి కదలకపోతే ఆ పైపు వదిలేసి వేరే దారి చూడండి.

అంతా అయ్యాక స్విచ్ బోర్డులు బిగించకముందే 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే తొక్క బాగుందో లేదో చెప్పే మీటరుతో, వైర్ల మధ్యా, వైర్లకీ ఎర్త్‌కీ మధ్యా చూడండి. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. అంతకంటే తక్కువ వస్తే ఆ పైపులో వైర్లన్నీ బయటికి తీసి, బెండ్లు తగిలిన చోటల్లా తొక్క వేలితో తడిమి చూడండి.