పాడుబడ్డ టీబీ ఆసుపత్రిలో దయ్యాలున్నాయంటే ఎలా తేల్చుకోవాలి

రాత్రిపూట టార్చి పట్టుకుని వెళ్లడం ఆఖరి పని. ముందు పుకారును ముక్కలు చేయాలి: ఏ గది, ఎన్ని గంటలకు, ఏం వినిపించింది, స్వయంగా విన్నదెవరు. ఎవరో చెప్పగా విన్న కబుర్లు వేరే పేజీలో రాయండి. సాక్షులను విడివిడిగా అడగండి. పక్కపక్కన కూర్చోబెట్టి అడిగితే రెండో మనిషి కథ మొదటి మనిషి కథలాగే తయారవుతుంది.

తర్వాత చావుల లెక్క. అమెరికాలో లూయివిల్ దగ్గరి వేవర్లీ హిల్స్ శానటోరియంలో (టీబీ ఆసుపత్రిలో) 63,000 మంది పోయారని చెప్పుకుంటారు. అది 1910లో 40 మంది రోగులకు సరిపడేలా మొదలైంది. 400 మందికి పైగా పట్టే భవనం 1926లో వచ్చింది. 1961లో టీబీ ఆసుపత్రి మూతపడింది. 63,000ను 51 ఏళ్లకు పంచితే ఏటా 1,235 చావులు. అంటే పెద్ద భవనం వచ్చాక కూడా ఒక్కో మంచం మీద ఏడాదికి ముగ్గురు పోవాలి. రోగులు నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉండిపోయే చోట ఇది పొసగని లెక్క. మీ ఆసుపత్రికీ ఇదే లెక్క కట్టి చూడండి. పడకల సంఖ్య, నడిచిన ఏళ్లు, వార్షిక నివేదికలు, మరణాల రిజిస్టరు ఉంటే చాలు. "ఏదో ఘోరం జరిగి మూసేశారు" అన్న మాటనూ తేదీలతో సరిచూడండి. టీబీని నయం చేసే మందుల్లో స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్నారు, ఐసోనియాజిడ్ 1952లో వాడకంలోకి వచ్చింది. ఆ తర్వాత ఇలాంటి ఆసుపత్రులు రోగులు లేకే మూతపడుతూ వచ్చాయి.

ఇక పగటి తనిఖీ. యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని కనీసం ముగ్గురు వెళ్లండి. దశాబ్దాల నాటి టీబీ క్రిములు అంటుకుంటాయన్న భయం అక్కర్లేదు. పైపులకు చుట్టిన పాత ఆస్బెస్టాస్, పావురాల రెట్ట, గబ్బిలాల పెంట, తలుపుల్లేని లిఫ్టు గోతులు: ప్రమాదమంతా వీటితోనే. సర్జికల్ మాస్కు ఇక్కడ దండగ. ముఖానికి బిగుతుగా పట్టే పీ100 రెస్పిరేటర్ (సన్నటి దుమ్మునూ ఆపే ఫిల్టర్ మాస్కు) కావాలి. పైపు చుట్టలు పొడిపొడిగా రాలుతున్న గదిలోకి అది ఉన్నా వెళ్లొద్దు.

ఈ భవనాలను కట్టిందే గాలి ఆడడానికి. పొడవాటి వరండాలు, ఎదురెదురు కిటికీలు. అద్దాలు పగిలాక గాలి ఈల వేస్తుంది, తలుపులు కొట్టుకుంటాయి. అందుకే రికార్డర్లు రెండు ఉండాలి, ఒకటి పుకారున్న గదిలో, ఇంకోటి బయట. రెంటినీ ఒకచోట ఆన్ చేసి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొడితే తర్వాత సమయాలు కలపడం తేలిక. రికార్డర్‌లో ఆటోమేటిక్ గెయిన్ (శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగ్) ఆపేయండి. లేకపోతే నిశ్శబ్దంలో అది బుసబుసను పెంచేస్తుంది, ఆ బుసలోనే జనానికి మాటలు వినిపిస్తాయి. మీరు దగ్గినా, కాలు జరిపినా అప్పుడే పైకి చెప్పండి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొలిచేది గోడ వేడిని, గాలిని కాదు. "చల్లటి చోటు" తేల్చాలంటే మామూలు డిజిటల్ లాగర్‌ను (ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే పరికరాన్ని) గోడకు దూరంగా, మీటరున్నర ఎత్తున వేలాడదీసి నిమిషానికో రీడింగ్ తీయండి. దయ్యాలను వెతికేవాళ్లు తెచ్చే అయస్కాంత క్షేత్రం మీటర్ వాడేటప్పుడు, ఫోన్ల వల్ల రీడింగ్ మారకుండా వాటిని ఆపేయాలి. ఫోటోల్లో తేలే తెల్లటి గుండ్రాలు ఫ్లాష్ వెలుగు పడ్డ దుమ్ము రేణువులే. ఫ్లాష్ మానేసి పక్కనుంచి లైటు వేయండి, పోతాయి.

శబ్దం గాలితోపాటే వస్తోందనిపిస్తే అనుమానమున్న కిటికీ ఒక్కటే చెక్కతో మూసి, అదే దిక్కున అంతే గాలి వీచే రాత్రి మళ్లీ వినండి. ఆగిందా? చెక్క తీసేయండి. తీశాక తిరిగి వస్తేనే కారణం దొరికినట్టు. ఒకేసారి రెండు కిటికీలు మూస్తే ఏది కారణమో తేలదు. ఏ మార్పుకీ లొంగని శబ్దం ఎదురైతే సమయం, గాలి దిక్కు, రికార్డర్ ఉన్న చోటు రాసి, ఎదురుగా "కారణం దొరకలేదు" అని పెట్టి, కత్తిరించని అసలు ఫైలు దానితో జతచేయండి.