పీహెచ్‌పీ క్లాసులో ఫీల్డులను ప్రకటించడం, సరిచూడడం

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలను నమోదు చేసే చిన్న ప్రోగ్రామును వెబ్‌సైట్లకు వాడే పీహెచ్‌పీ భాషలో రాస్తున్నామనుకుందాం. ఒక్కో టిక్కీ వివరాలకు నమూనాగా ఉండే ‘టిక్కీ’ క్లాసు మొదట్లోనే రకం, బరువు, ధర అనే ఫీల్డులను (విలువలు దాచుకునే అరలను), ఒక్కొక్కదానికి పబ్లిక్ (బయటి కోడ్‌కూ అందేది) లేదా ప్రైవేట్ (క్లాసు లోపలే వాడేది) అని, ఆ వెంటనే డేటా టైపును రాసి ప్రకటించాలి. రకానికి స్ట్రింగ్ (అక్షరాలు), బరువుకు ఫ్లోట్ (దశాంశ సంఖ్య) సరిపోతాయి. బేరం కుదిరేదాకా ధర తెలియదు కనుక, దాని ఫ్లోట్‌కు ముందు ప్రశ్నార్థకం చేర్చి, తొలి విలువగా నల్ (విలువ ఏదీ లేదని చెప్పే గుర్తు) ఇవ్వాలి. ఫీల్డులకు టైపు రాసే ఈ సదుపాయం 2019లో వచ్చిన 7.4 వెర్షన్‌తో మొదలైంది.

ప్రకటించని ఫీల్డులతోనే అసలు చిక్కు. ‘బరువు’ అనబోయి ‘బరుపు’ అని రాసినా, పాత వెర్షన్లు నోరు మెదపకుండా ఆ పేరుతో కొత్త ఫీల్డును సృష్టించి, అసలు బరువును ఖాళీగా వదిలేస్తాయి. 2022లో విడుదలైన 8.2 నుంచి ఇలాంటి చోట డెప్రికేషన్ సందేశం (ఈ పద్ధతిని ఇక వాడొద్దన్న హెచ్చరిక) వస్తుంది; దాన్ని అణచిపెట్టే దారులున్నా, వాటి జోలికి పోకపోవడమే మేలు.

ఫీల్డు ఉందో లేదో చూడటానికి చాలామంది ఇస్‌సెట్ (isset) వాడతారు. అయితే విలువ నల్ అయితే అది ‘లేదు’ అనే చెబుతుంది కాబట్టి, ధర ఖరారు కాని టిక్కీకి ధర ఫీల్డే లేదన్న భ్రమ కలుగుతుంది. ఫీల్డు ఉనికి మాత్రమే కావాలంటే ప్రాపర్టీ ఎగ్జిస్ట్స్ (property_exists) ఫంక్షన్‌ను పిలవాలి.

బరువు సున్నాకు మించి ఉందా అన్నది టైపు పట్టించుకోదు. ఆ పరీక్షను కన్‌స్ట్రక్టర్‌లో (క్లాసు నుంచి కొత్త టిక్కీని సృష్టించేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) మనమే రాసి, తప్పు విలువ వస్తే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) విసరాలి.