బాటిల్‌బ్రష్ బోన్సాయ్: కుండీలో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

బాటిల్‌బ్రష్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో ఇది సహజంగా పెరుగుతుంది. హైదరాబాద్ పార్కుల్లో, కాలనీ రోడ్ల పక్కన ఎర్రటి కుచ్చులతో కనిపించే చెట్టు కూడా ఇదే కుటుంబానిది. ఈ మొక్క బోన్సాయ్‌గా బాగా ఒదుగుతుంది. మాను త్వరగా లావెక్కుతుంది, ఎంత నరికినా చిగురిస్తుంది. అయినా చాలామంది చేతిలో ఇది రెండేళ్లు తిరగకముందే నీరసించిపోవడానికి ప్రధాన కారణం, జపనీస్ పైన్, జూనిపర్, మేపుల్ చెట్ల కోసం రాసిన నియమాలను దీనికీ వర్తింపజేయడమే. కింద చెప్పిన నెలలన్నీ మెల్‌బోర్న్, సిడ్నీ వాతావరణానికి సంబంధించినవి. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేసవి, జూన్ నుంచి ఆగస్టు వరకు చలికాలం.

లక్షణం: కుండీ మార్చిన తరువాత ఆకులు ఎండిపోతున్నాయి, చిగురు రావడం లేదు

ముందుగా కుండీ మార్చిన నెలను గుర్తు తెచ్చుకోవాలి. అది జూన్ నుంచి ఆగస్టు మధ్యలో అయితే కారణం దాదాపుగా దొరికినట్టే. ఆకురాల్చే చెట్లను చలికాలం చివర్లో, మొగ్గలు విచ్చుకోకముందు కుండీ మార్చాలన్నది పుస్తకాల్లోని సాధారణ సూత్రం. ఆ చెట్లు అప్పుడు నిద్రావస్థలో ఉంటాయి. ఆకులు ఉండవు కాబట్టి వేళ్లు తగ్గినా వాటికి పెద్దగా నష్టం లేదు. బాటిల్‌బ్రష్ మాత్రం సతతహరితం. చలిలోనూ దాని ఆకులు నీటిని కోల్పోతూనే ఉంటాయి, కానీ చల్లటి తడి మట్టిలో కొత్త వేళ్లు పుట్టవు. కోసిన వేళ్ల చివర్లు అలాగే నానుతూ కుళ్లడం మొదలవుతుంది.

మొక్క బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి మాను మొదట్లో ఒకచోట బెరడును గోటితో కొద్దిగా గీరి చూడాలి. పైపొర కింద లేత ఆకుపచ్చ, తడిగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయినట్టు. కొమ్మలన్నీ ఎండినా మాను మొదలు పచ్చగా ఉంటే ఆశ వదులుకోనక్కర లేదు. అటువంటి మొక్కను మళ్లీ పెకిలించకుండా, గాలి కొట్టని వెచ్చని చోట పెట్టి, మట్టి పైపొర ఆరినప్పుడే నీరు పోస్తూ, ఎరువు జోలికి పోకుండా వేడి రోజుల కోసం ఎదురుచూడాలి.

ఇకముందు ఈ ఇబ్బంది రాకుండా ఉండాలంటే కుండీ మార్పును నవంబరు నుంచి జనవరి మధ్యలో, కొత్త చిగుళ్లు జోరుగా సాగుతున్నప్పుడు చేయాలి. మొక్కను బయటికి తీస్తే కుండీ అడుగున వేళ్లు చాపలా అల్లుకుని, గుండ్రంగా చుట్టుకుని కనిపిస్తాయి. ఆ అడుగు పొరను రంపంతో పూర్తిగా తీసేయవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మొక్క మూడో వంతు నుంచి సగం దాకా వేళ్లు కోల్పోయినా తట్టుకుంటుంది. అయితే పని జరుగుతున్నంత సేపూ వేళ్లు ఆరకూడదు. సన్నని పీచు వేళ్లు ఎండగాలికి నిమిషాల్లో ముడుచుకుపోతాయి కాబట్టి పక్కనే నీటి తొట్టి పెట్టుకుని, స్ప్రేతో తడుపుతూ, నీడలో పని చేయాలి. వేళ్లు ఎంత తీశారో అంతకు తగ్గట్టు ఆకునూ తగ్గించి, తరువాత రెండు మూడు వారాలు నీడలో ఉంచి, నెల దాటాక ఎరువు మొదలుపెట్టాలి. వేళ్ల పెరుగుదల వేగంగా ఉండే మొక్క కనుక చిన్న కుండీల్లో ఏటా, పెద్ద కుండీల్లో రెండేళ్లకోసారి ఈ పని తప్పదు.

హైదరాబాద్, విజయవాడల్లో పెంచేవారు ఈ నెలలను యథాతథంగా తీసుకోకూడదు. అక్కడ ఏప్రిల్, మే ఎండలు దాటి, వానలు పడి, గాలిలో తేమ పెరిగిన జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు ఉన్న కాలం అనుకూలం.

లక్షణం: రోజూ నీరు పోస్తున్నా కొమ్మల చివర్లు వాలిపోతున్నాయి

దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, నీరు నిజంగానే చాలకపోవడం. వాగు ఒడ్డు మొక్కకు పళ్లెం లాంటి లోతులేని కుండీలో, నలభై డిగ్రీలకు చేరువయ్యే మెల్‌బోర్న్ వేసవి మధ్యాహ్నం ఒక పూట నీరు ఏ మూలకూ రాదు. రెండవది, పోసిన నీరు వేళ్ల దాకా చేరకపోవడం. బెరడు ముక్కలతో చేసిన మిశ్రమం ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు. పోసిన నీరు అంచుల వెంబడి జారి అడుగు రంధ్రాల్లోంచి వెళ్లిపోతుంది. చూసేవారికి తడిసినట్టే అనిపిస్తుంది. పుల్లతో రెండు అంగుళాల లోతు గుచ్చి తీసి, పొడిగా ఉంటే రెండో కారణమని తేల్చుకోవచ్చు.

పరిష్కారంగా కుండీని బకెట్ నీటిలో, మట్టి అంచు మునిగేలా, బుడగలు రావడం ఆగేవరకు ఉంచాలి. ఆ తరువాత వేసవి అంతా కుండీ కింద రెండు మూడు సెంటీమీటర్ల నీరు నిలిచే ట్రే పెట్టవచ్చు. మిగతా బోన్సాయ్‌లకు ఈ పని చేస్తే వేళ్లు కుళ్లుతాయని పెద్దలు చెప్పేది నిజమే గానీ, బాటిల్‌బ్రష్ విషయంలో వేసవికి అది వర్తించదు. చలి మొదలవగానే మాత్రం ట్రే తీసేయాలి.

లక్షణం: మొక్క పచ్చగా, గుబురుగా ఉంది కానీ పూయడం లేదు

బాటిల్‌బ్రష్ పూసే తీరును దగ్గరగా చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. ఎర్రటి కుచ్చు కొమ్మ చివరి భాగంలో వస్తుంది, కానీ కొమ్మ అక్కడితో ఆగదు. కుచ్చు మధ్యలోంచే దాని కొస ముందుకు సాగి కొత్త ఆకులు వేస్తుంది. పూత రాలాక ఆ చోట గట్టి గింజకాయలు కొమ్మను చుట్టి మిరియాలు అతికించినట్టు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. అంటే పూత రావాలంటే కొమ్మకు ముదిరిన కొస కావాలి. పొదను చక్కగా ఉంచాలని నెలనెలా కొసలు తుంచేవారి మొక్క ఎప్పటికీ పూయదు.

వసంతంలో (అక్కడ సెప్టెంబరు నుంచి నవంబరు వరకు) పూత ముగిసిన వెంటనే, వాడిన కుచ్చుకు కాస్త వెనక, ఆకులున్న చోట కత్తిరించాలి. గింజకాయలు కట్టే శ్రమ కూడా మొక్కకు తప్పుతుంది. ఆ తరువాత వచ్చే చిగుళ్లను జనవరి చివరి దాకా ఒకటి రెండు సార్లు తుంచి శాఖలు పెంచుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి మళ్లీ పూసే వరకు కత్తెర పక్కన పెట్టాలి. ఆ నెలల్లో చెట్టు ఆకారం చెదిరినట్టు కనిపిస్తుంది, ఓర్చుకోవాలి. ఎండ సరిపోకపోయినా, నత్రజని ఎక్కువైనా ఆకు పెరుగుతుంది తప్ప పూత రాదు. గింజ నుంచి మొలిచిన మొక్కకు పూతకు ఏళ్లు పడుతుంది కాబట్టి, పూసే చెట్టు నుంచి తీసిన కొమ్మ అంటు మేలు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మాను ఇంకా బొటనవేలి లావు లేని మొక్క మీద పూల కోసం ఆరాటపడటం దండగ. ఆ ఏళ్లలో నేలలోనో పెద్ద తొట్టిలోనో పెంచి మాను, ప్రధాన కొమ్మలు తయారు చేసుకోవాలి. పైగా ఆకు చిన్నదైనంతగా పువ్వు చిన్నది కాదు. అందుకే చిన్న బోన్సాయ్ కావాలనుకునేవారు 'లిటిల్ జాన్' వంటి పొట్టి రకాన్నో, సన్నని చిన్న ఆకులు, లేత పసుపు పూలు ఉండే సీబెరీ జాతినో ఎంచుకోవడం తెలివైన పని.

లక్షణం: కొమ్మల మొదళ్లు బోడిగా, చివర్లో మాత్రమే ఆకులు ఉన్నాయి

ఏళ్ల తరబడి వెనక్కి కత్తిరించకపోవడం వల్ల లోపలి భాగానికి వెలుతురు అందక ఆకులు రాలిపోతాయి. పైన్ చెట్టులో ఇలాంటి కొమ్మను ఆకు లేని చోట నరికితే ఆ కొమ్మ చనిపోతుంది. బాటిల్‌బ్రష్ అలా కాదు. వేసవి మొదట్లో మోడు మీద కోసినా బెరడులోంచి కొత్త మొగ్గలు పుడతాయి. కోసిన చోట గుత్తిగా ఐదారు చిగుళ్లు వస్తే వాటిలో రెండింటిని ఉంచి మిగతావి వేలితో రుద్ది తీసేయాలి. లేకపోతే అక్కడ అందవికారమైన బొడిపె కడుతుంది. నీరసంగా ఉన్న మొక్కకు మాను నరకడం, వేళ్లు కోయడం ఒకే సీజన్‌లో పెట్టుకోకూడదు.

లక్షణం: ఆకులు పసుపురంగుకు తిరుగుతున్నాయి

ఏ ఆకులు అన్నది ముఖ్యం. కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపైతే నత్రజని లోపం. పలచని ఎరువు తరచుగా ఇస్తే సర్దుకుంటుంది. కొత్త ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా సున్నపు గుణం ఎక్కువైతే వేళ్లు దాన్ని తీసుకోలేవు. మెల్‌బోర్న్ కుళాయి నీరు మెత్తనిది కనుక అక్కడ ఇది అరుదు. తెలుగు రాష్ట్రాల్లో బోరు నీటితో పెంచే కుండీల్లో మాత్రం తరచుగా కనిపించేది ఇదే. చీలేటెడ్ ఇనుమును (సున్నపు మట్టిలోనూ వేళ్లకు అందేలా తయారు చేసిన ఇనుము) కుదుట్లో పోయడం, వీలైనప్పుడల్లా వాననీరు వాడటం శాశ్వత మార్గాలు. తక్షణ ఉపశమనానికి మన రైతులు పంటల మీద లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లుతారు. కుండీ మొక్కకు అందులో సగంతో మొదలుపెట్టి, సాయంత్రం పూట చల్లడం క్షేమం.

లక్షణం: ఆకుల మీద పురుగులు, మసి, పసుపు పొడి

ఆకు పచ్చదనం గీకేసినట్టు పోయి జల్లెడలా మిగిలితే, తోక సన్నగా ఉండే సాఫ్లై పురుగులు గుంపుగా తింటున్నాయని అర్థం. ఇవి గొంగళిపురుగుల్లా కనిపించినా ఆ జాతివి కావు, అందుకే గొంగళిపురుగుల కోసం అమ్మే బీటీ మందు వీటి మీద పనిచేయదు. బోన్సాయ్ చిన్నది కాబట్టి చేత్తో ఏరి సబ్బునీటిలో వేయడమే ఉత్తమం. మసి పట్టి చీమలు తిరుగుతుంటే కొమ్మల మీద పొలుసు పురుగు ఉన్నట్టు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఎండ లేని వేళ వేపనూనె చల్లాలి. కొత్త ఆకులు ముడుచుకుపోతే తామర పురుగుల పని కావచ్చు. ఆ కొసలు తుంచేస్తే చాలు.

లేత చిగుళ్ల మీద మెరిసే పసుపు పొడి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. అది మర్టిల్ రస్ట్ అనే తుప్పు తెగులు, ఆస్ట్రేలియాలో తొలిసారి 2010లో న్యూ సౌత్ వేల్స్‌లో బయటపడింది. యూకలిప్టస్, జామ, బాటిల్‌బ్రష్ చేరిన కుటుంబంలోని చాలా మొక్కలను ఆశిస్తుంది. ఆ పొడి గాలికీ, బట్టలకూ అంటి వ్యాపిస్తుంది కనుక చిగురును కదిలించకుండా ముందు ప్లాస్టిక్ సంచి తొడిగి, సంచితో సహా కత్తిరించి, మూతి కట్టి చెత్తలో వేయాలి, కంపోస్టులో వేయకూడదు. ఆ తరువాత కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, వేసుకున్న బట్టలు ఉతికేవరకు మిగతా కుండీల దగ్గరికి వెళ్లకూడదు.