పెద్దోళ్ల ముచ్చట్లు రికార్డు చేసుకునే పద్ధతి

‘ఏ సంవత్సరం పుట్టినవ్, నాయినమ్మా?’ అంటే జవాబు రాదు. గుర్తులు పట్టి అడగాలి: 1948 పోలీసు యాక్షన్ నాటికి ఎంత పిల్ల? 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెండ్లయిందా? శ్రీశైలం నీళ్లల్ల ఊరు మునిగినప్పుడు పెద్దబిడ్డకు ఎన్నేండ్లు? పాలమూరు ఇండ్లల్ల బొంబాయికి వలసపోయిన ఏడాదే అన్నిటికన్నా గట్టి కొండగుర్తు.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో, మూరెడు దూరంలో, మడిచిన తువ్వాల మీద పెట్టండి. ఉత్త బల్ల మీదైతే గాజుల తాకిడి కూడా దడదడమని పడుతుంది. ఫ్యాన్, కూలర్ బంద్. ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి, పక్కన ఎవరైనా అందుకుంటే పెద్దమనిషి మాట ఆపేస్తుంది.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న పాత ఫొటోను పీకొద్దు, ముఖాలే ఊడొస్తాయి. అద్దం మీదినుంచే, పక్క వెలుతురులో తీసుకోండి. ఆడియో ఫైలును కనీసం రెండు ఇండ్లల్ల దాచండి.