పొగచూరిన ఇల్లు – మూడవ పాఠం: తడిగుడ్డ తెచ్చిన తంటా

ఈ పాఠంలో బట్టలు, పరుపులు, కమురు వాసన గురించి చెప్పాలని అనుకున్నాను. కాని రెండవ పాఠం చదివి, అగ్నిప్రమాదం తరువాత మసి పట్టిన గోడలను శుభ్రం చేసే పని మొదలుపెట్టినవారు వ్రాసిన ఉత్తరాలు చూశాక ఆ ఆలోచనను చివరికి జరపవలసి వచ్చింది. దాదాపు అందరిదీ ఒకటే కథ. గోడ మీద మసి పలుచగా, బూడిదరంగులో కనిపించింది. బకెట్టులో సబ్బునీళ్లు కలిపి తడిగుడ్డతో తుడిచారు. గుడ్డ వెళ్లినంత మేరా నల్లని చార పడింది. ఆ చారను పోగొట్టాలని ఇంకా గట్టిగా రుద్దారు. ఇందులో నా తప్పు కూడా ఉంది. మసిని పొడిగా ఉండగానే తీయాలని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను, ఎందుకో చెప్పలేదు. మెయిన్ స్విచ్చి కట్టివేయడం, ఎన్95 మాస్కు పెట్టుకోవడం, బీమా సర్వేయరుకు చూపవలసిన ఫొటోలు తీసుకోవడం మాత్రం అయిపోయినట్లే భావించి సాగుతున్నాను.

ఇంట్లో కాటుక పట్టడం చూసినవారికి కారణం తేలికగా బోధపడుతుంది. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లిస్తే దాని అడుగున పేరుకునేది పొడి మసి. గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది. అందులో నాలుగు చుక్కల ఆముదమో నెయ్యో వేసి వేలితో మెదిపితే కాటుక తయారవుతుంది. అది చీర అంచుకు అంటితే ఎన్ని ఉతుకులకు పోతుందో మీకు తెలుసు. ఇల్లు కాలినప్పుడు కట్టెతో పాటు వంటనూనె, రబ్బరు, ప్లాస్టిక్కు కూడా కాలుతాయి కనుక గోడ మీది మసిలో జిడ్డు ముందే కలిసి ఉంటుంది. ఎమల్షన్ రంగు చేతికి నున్నగా తగిలినా దానిలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. తడిగుడ్డతో రుద్దడమంటే మసిని, జిడ్డును కలిపి ఆ రంధ్రాల్లోకి నూరి ఎక్కించడమే. మీరు గోడను తుడవలేదు, గోడకు కాటుక పెట్టారు.

మా అన్నయ్య ఇంట్లో పూజగదిలో దీపం పక్కనున్న ప్లాస్టిక్ పూలదండకు అంటుకున్నప్పుడు మంట ఆ గది దాటలేదు, పొగ మాత్రం ఇల్లంతా తిరిగింది. హాల్లో క్యాలెండరు తీసి చూస్తే దాని వెనుక, గీత గీసినట్లు, తెల్లని చతురస్రం మిగిలి ఉంది. మేకు తలల చుట్టూ నల్లని వలయాలు ఏర్పడ్డాయి. పొగ చల్లని చోటును వెతుక్కుంటుంది, మేకు గోడకన్నా చల్లగా ఉంటుంది. పైకప్పు మూలల్లో సాలెగూళ్లలా నల్లని పోగులు వేలాడుతుంటే వదిన బూజుకర్ర తెచ్చి దులిపింది. అవి సాలెగూళ్లు కావు; మసి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులుగా మారినవి. కర్ర తగిలిన ప్రతిచోటా ఒక జానెడు చార మిగిలింది. అటువంటి పోగులను వ్యాక్యూమ్ గొట్టంతో, గోడకు తగలకుండా, దగ్గరగా పట్టి లాగివేయాలి. హెపా ఫిల్టరు లేని వ్యాక్యూమ్ వాడితే సన్నని మసి వెనుకనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది.

వ్యాక్యూమ్ తరువాత మెత్తని పెయింటింగ్ బ్రష్షుతో పైనుంచి కిందికి, ఒకే దిశలో, ఒత్తకుండా దులపండి. పొడి మసిని ఎత్తడానికి ప్రత్యేకంగా రబ్బరు స్పాంజీలు అమ్ముతారు; వాటిని తడపకూడదు, నల్లబడిన పొరను కత్తితో కోసివేసి లోపలి ముఖంతో పని సాగించాలి. నాకు మాత్రం గోధుమపిండి ముద్ద మీదే నమ్మకం. ఉప్పు వేసి, నూనె చుక్క కూడా తగలకుండా, చపాతీ పిండికన్నా గట్టిగా కలిపిన ముద్దను గోడ మీద దొర్లిస్తూ, నల్లబడినప్పుడల్లా మడిచి పిసుకుతూ పోతే మసి దానికి అంటుకుని వస్తుంది. దీనిని చిట్కా వైద్యమని నవ్వుకోనక్కరలేదు. పిల్లలు ఆడుకునే ప్లే-డో మొదట అమెరికాలో బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడకాగితాన్ని శుభ్రం చేయడానికి అమ్మిన పిండి ముద్దే. 1956లో అది ఆటవస్తువుగా మారింది. అయినా ముందు తలుపు వెనుక జానెడు చోట ప్రయత్నించి చూసుకోండి.

ఇప్పుడు చారలు పడిన గోడల సంగతి. మొదట రుద్దడం ఆపండి. గోడను రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, చార చుట్టూ ఇంకా పొడిగా ఉన్న మసిని పైన చెప్పినట్లు తీసివేయండి. ఆ తరువాతే నీళ్లు. లీటరు గోరువెచ్చని నీటికి రెండు చెంచాల చాకలి సోడా, కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, స్పాంజిని బాగా పిండి అద్దుతూ కడగండి; మరో బకెట్టులో మంచినీళ్లు ఉంచుకుని వెంటవెంటనే తుడవండి. దులిపేటప్పుడు పైనుంచి కిందికి అన్నాను, కడిగేటప్పుడు కిందినుంచి పైకి వెళ్లాలి. మురికి నీళ్లు పొడి గోడ మీద కారితే ఆ ధారలు అచ్చుపడతాయి, ముందే తడిసిన గోడ మీద కారితే జారిపోతాయి. ఇదంతా ఎమల్షన్ గోడలకే. డిస్టెంపరు నీళ్లకు కరిగి వచ్చేస్తుంది కనుక గీకి తీయడమే మార్గం. సున్నం గోడలైతే గీకి, మళ్లీ వెల్ల వేయించుకోవచ్చు, ఆ విషయంలో పాత ఇళ్లవారే అదృష్టవంతులు.

చారల మీద బ్లీచింగ్ పౌడరు చల్లినవారు కూడా ఉన్నారు. మసి అంటే ప్రధానంగా కర్బనం. బ్లీచింగు దాని రంగును మార్చలేదు. అది పనిచేయలేదని దానిపైన బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఆ రెండు సీసాలు ఒకే గదిలోకి తేకండి.

రెండుసార్లు కడిగినా నీడ మిగిలితే దాన్ని ఇక రంగు కిందే మూయాలి. ఇక్కడే నాకు చిరాకు తెప్పించే పని జరుగుతుంది. పెయింటరు వచ్చి, చార మీదనే మామూలు నీటి ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, కొట్టి, పైన రెండు పూతలు వేసి, మధ్యాహ్నానికల్లా కొత్త ఇల్లులా చూపించి వెళతాడు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇంతకాలం సామెతే అనుకున్నాను. ప్రైమరులోని నీళ్లే మసిలోని జిడ్డును మళ్లీ పైకి లాగుతాయి. కొన్ని వారాల్లో పసుపు, గోధుమరంగు మచ్చలు తేలతాయి, వానాకాలపు చెమ్మకు వాసన కూడా తిరిగి వస్తుంది. అన్నయ్య ఇంట్లో హాలుకు ఈ కారణంగా మూడుసార్లు రంగు వేయించవలసి వచ్చింది. మూడవసారి స్పిరిట్‌లో కరిగించిన లక్కతో చేసే ప్రైమరు వాడితేనే మచ్చలు ఆగాయి. దానికి మంట తగిలితే భగ్గుమంటుంది. పూసేటప్పుడు కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి ఉంచాలి.

గోడలకన్నా ముందు చేయవలసింది లోహాల పని. వైర్ల మీది పీవీసీ ప్లాస్టిక్కు కాలినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడు గాలిలోని తేమతో కలిసి ఆమ్లంగా మారుతుంది. కుళాయిలు, తలుపు బందులు, కుట్టుమిషను కొద్ది రోజుల్లోనే తుప్పు పట్టడం మొదలుపెడతాయి. మసి దులిపి, సబ్బునీటితో తుడిచి, వెంటనే ఆరబెట్టి, కుట్టుమిషనుకు నూనె వేయండి. టీవీని, మిక్సీని మెకానిక్కు చూడకుండా ప్లగ్గులో పెట్టకండి.

బట్టల గురించి క్లుప్తంగా చెబుతాను. బయటికి తీసుకువెళ్లి దులపండి; నూలు బట్టలను చాకలి సోడా నీటిలో నానబెట్టి ఉతకండి; వాసన పూర్తిగా పోయేదాకా ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి, వేడికి వాసన నేతలో స్థిరపడుతుంది. పట్టుచీరలు ఇంట్లో తడపకుండా డ్రైక్లీనింగుకు ఇచ్చి, అది పొగ మరక అని చెప్పండి. దూది పరుపును ఏకించి కుట్టిస్తే సరిపోతుందా అని అడిగినవారికి నా సమాధానం: సరిపోదు, పారవేయండి. ఇక సాంబ్రాణి. పొగ వాసనను పోగొట్టడానికి మరో పొగ వేయడంలోని తర్కం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. గోడలు కడిగాక కిటికీలు తెరిచి, గిన్నెల్లో వంటసోడా పోసి మూలల్లో పెట్టండి. వాసన పోయిందో లేదో మీ ముక్కు చెప్పలేదు, అది అలవాటు పడిపోయి ఉంటుంది. పక్కింటివారిని పిలిచి అడగండి.

అభ్యాసం: ఎమల్షన్ వేసి వారం ఆరిన సిమెంటు షీటు ముక్క ఒకటి సంపాదించండి. ఆరుబయట, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని, ఆముదం దీపానికి జానెడు ఎత్తున పట్టి సమంగా నల్లబరచండి. నాలుగు భాగాలు చేసి, మొదటిదాన్ని తడిగుడ్డతో, రెండవదాన్ని పొడి బ్రష్షుతో, మూడవదాన్ని పిండి ముద్దతో, నాలుగవదాన్ని పిండి ముద్ద తరువాత సోడా నీటితో శుభ్రం చేయండి. ఆరాక ముక్క అంతటికీ నీటి ప్రైమరు ఒక పూత వేసి, స్నానాల గదిలో నెల రోజులు ఉంచండి. ఏ భాగంలో మచ్చ ఏ రోజున తేలిందో వెనుక పెన్సిలుతో వ్రాసి పెట్టుకోండి. ఏసీ ఫిల్టర్లు, అటక గురించి చెప్పే నాలుగవ పాఠానికి ఆ ముక్క మీ దగ్గర ఉండాలి.