డేటాబేస్‌లో వివరాలున్నా పేజీలో రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు చూపించే చిన్న పేజీ చేస్తూ, హనుమకొండలో మా పక్కింటి తమ్ముడు రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. పేజీ తెరుచుకుంటోంది, ధర మాత్రం రావట్లేదు. "డేటాబేస్ కనెక్ట్ కావట్లేదన్నా" అన్నాడు. చూస్తే కనెక్షన్ బాగానే ఉంది. పేజీ తయారుచేసే పీహెచ్‌పీ, డేటా దాచే మైఎస్‌క్యూఎల్ నేర్చుకునే చాలామంది ఇక్కడే పొరబడతారు. అందుకే వరుసగా చూడండి.

ముందు ఎర్రర్ కంటికి కనబడాలి. పీహెచ్‌పీని మైఎస్‌క్యూఎల్‌తో కలిపే మైఎస్‌క్యూఎల్‌ఐ, పీహెచ్‌పీ 8.1 నుంచి తప్పు జరగగానే ఎక్సెప్షన్ ఇస్తుంది, అంటే కోడ్‌ను అక్కడే ఆపి తప్పేంటో చెబుతుంది. పాత వెర్షన్లలో ఆ రిపోర్టింగ్ మనమే ఆన్ చేసుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లోనైతే ఎర్రర్‌ను తెర మీదే చూడండి. జనం వాడే సర్వర్‌లో మాత్రం లాగ్ ఫైల్‌లోనే చూడాలి.

తర్వాత ఎర్రర్ నంబర్ చదవండి. 1045 వస్తే యూజర్ పేరో పాస్‌వర్డో సరిచూడండి. 1049 అంటే ఆ పేరుతో డేటాబేస్ లేదు. 2002 అంటే అసలు సర్వర్ దాకా చేరలేదు. మైఎస్‌క్యూఎల్ నడుస్తోందా, పోర్ట్ 3306 అవునా కాదా చూడండి. లినక్స్‌లో లోకల్‌హోస్ట్ అని రాస్తే సాకెట్ ఫైల్ ద్వారా వెళ్తుంది, 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ దారిలో వెళ్తుంది. ఒకటి కుదరకపోతే రెండోది పెట్టి చూడండి.

1146 అంటే టేబుల్ దొరకలేదు. విండోస్‌లో బాగా నడిచిన పేజీ సర్వర్‌కు ఎక్కించాక ఈ ఎర్రర్ ఇస్తే, టేబుల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉందేమో చూడండి. లినక్స్ ఆ తేడాను పట్టించుకుంటుంది.

ఏ ఎర్రరూ లేకపోతే, మీ క్వెరీని పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్‌లోనే డేటాబేస్ చూపించే టూల్) పేస్ట్ చేసి నడపండి. అక్కడ వరుసలు వస్తే కనెక్షన్‌ను వదిలేయండి, చాలావరకు ఫలితాన్ని చదివే చోటే తప్పు ఉంటుంది.

తమ్ముడి కోడ్‌లో జరిగింది అదే. ఫలితం వచ్చిందో లేదో చూడటానికి ఇఫ్‌లో ఒకసారి ఫెచ్ చేశాడు (అంటే ఫలితంలోంచి ఒక వరుస తీసుకున్నాడు), ఆ తర్వాత వైల్ లూప్‌లో మళ్లీ ఫెచ్ చేశాడు. ఫెచ్ చేసిన ప్రతిసారీ ఒక వరుస ముందుకు జరుగుతుంది. ఆ రోజు టేబుల్‌లో ఉన్నది తేజ రకం ఒక్కటే. అది ఇఫ్‌లోనే అయిపోయింది, లూప్‌కు నల్, అంటే ఖాళీ, మిగిలింది. ఇలాంటప్పుడు ఇఫ్‌లో వరుసల సంఖ్య మాత్రమే చూడండి, ఫెచ్‌ను లూప్‌కే వదిలేయండి.

రకాల పేర్లు ప్రశ్న గుర్తులుగా వస్తుంటే, కనెక్ట్ కాగానే క్యారెక్టర్ సెట్‌ను (అక్షరాలను దాచే పద్ధతి) తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 చేయండి. టేబుల్‌కూ అదే ఉండాలి. అప్పటికే ప్రశ్న గుర్తులుగా టేబుల్‌లో చేరిపోయిన పేర్లు మాత్రం తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే.